విరిగిన చెయ్యి చెప్పిన మాట



ఇవాళ మనం ఎముకల గురించి మాట్లాడుకుందాం. "పొద్దున్నే వంట చేసుకునే వేళ ఎముకల మాటేంటమ్మా!" అని విసుక్కోకండి. వంటింట్లో మొదలయ్యే సంగతే ఇది. మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా అత్తగారిది అల్లూరు. పుట్టింది ఆ మండలంలోనే, కాపురం చేసిందీ అక్కడే. అరవై మూడో ఏట ఒకరోజు పెరటి మెట్టు మీద కాలు జారి, పడిపోకుండా చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టించాం, ఆరు వారాలకి అతుక్కుంది. చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా "చెయ్యే గదా, పోనీలే! నడుం విరిగుంటే ఏం గతి?" అని ఓదార్చి, కాఫీ తాగి వెళ్ళారు. మేమూ అదే అనుకున్నాం. చెయ్యి బాగైంది, మళ్ళీ వడియాలు పెట్టింది, ఊరగాయ కలిపింది. ఇంకేం కావాలి?

ఒక్క ప్రశ్న మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు. ఆమె మిద్దె మీంచి పడలేదు, బండి మీంచి పడలేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డ చోటనే జారింది. అంతమాత్రానికే ఎముక ఎందుకు విరిగింది?

ఆ తరవాత నాలుగేళ్ళలో ఆమె కొంచెం కొంచెం పొట్టి అయిపోయింది. నవ్వకండి, నిజమే చెప్తున్నా. ఎప్పుడూ అందుకునే గూట్లో చింతపండు జాడీ అందడం మానేసింది. చీర కుచ్చిళ్ళు నేల మీద ఈడుస్తుంటే "ఈ చీరలు ఈమధ్య పొడుగు నేస్తున్నారు మే" అనేది నాతో. వీపు మీద చిన్న గూని కనిపించింది. నడుం నొప్పి అంటే తైలం రాసేదాన్ని. వయసు మీద పడింది అనుకున్నాం. వయసు అన్న మాట ఉంది చూశారూ, మనం ఏ జబ్బునైనా దాని కిందకి తోసేసి చేతులు దులుపుకుంటాం.

కార్తీకమాసం ముసురు రోజుల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. ఆమె బాత్రూముకని లేచింది. వసారాలో జల్లు కొట్టి నేల తడిసి ఉంది. పడింది. ఈసారి తుంటి. ఆ వానలో నెల్లూరు చేర్చేసరికి తెల్లారింది. మర్నాడు ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. డాక్టరుగారు బయటికొచ్చి నన్ను అడిగిన మొదటి మాట ఇది: "అమ్మా, ఈమెకి ఇదివరకు ఎప్పుడైనా ఎముక విరిగిందా?"

"విరిగింది, నాలుగేళ్ళ కింద చెయ్యి" అన్నాను.

"అప్పుడు ఏ మందు వాడారు?"

నొప్పి మాత్రలు అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. అనకపోయినా నాకు అర్థమైంది. నాలుగేళ్ళ ముందే ఆ చెయ్యి మాకొక కబురు చెప్పింది, మేం వినలేదు.

ఈ జబ్బుకి ఇంగ్లీషులో ఆస్టియోపొరోసిస్ అని పేరు. మన మాటల్లో ఎముకలు గుల్లబారడం. ఎముక అంటే రాయిలాగా ఒకసారి ఏర్పడి అలాగే ఉండిపోయేది కాదు. లోపల ఎప్పుడూ పాతది కరిగిపోతూ, కొత్తది కట్టుకుంటూ ఉంటుంది. చిన్నతనంలో కట్టేది ఎక్కువ, కరిగేది తక్కువ. ముప్ఫై ఏళ్ళ వయసుకి గాదె నిండినట్టు నిండుతుంది. ఆ తరవాత తీసి వాడుకోవడమే. ఆడవాళ్ళకి ముట్లుడిగిన తరవాత కొన్నేళ్ళపాటు ఈ కరుగుడు ఒక్కసారిగా జోరందుకుంటుంది, ఎందుకంటే అప్పటిదాకా ఎముకని కాపాడిన ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోతుంది. లోపల జల్లెడలాగా కంతలు పడినా పైకి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. విరిగిన రోజే తెలుస్తుంది.

"మోకాళ్ళు నొప్పులు, అదేనా ఇది?" అని నన్ను చాలామంది అడిగారు. కాదండీ. మోకాళ్ళ నొప్పి కీళ్ళు అరగడం వల్ల వచ్చేది. ఇది వేరు. ఆ రెండూ ఒకరికే ఉండొచ్చు గానీ ఒకటి రెండోది కాదు. అలాగే నడుం వంగిన వాళ్ళందరికీ ఇదే జబ్బు అనుకోకూడదు. మన జిల్లా పేరు వైద్య గ్రంథాలకి ఎక్కింది ఇంకొక ఎముకల జబ్బు మూలంగా. 1937లో షార్ట్ అనే డాక్టరూ, ఆయనతో పనిచేసినవాళ్ళూ మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో నీళ్ళలో ఫ్లోరైడు వల్ల మనుషుల వెన్నులు కర్రల్లాగా బిగుసుకుపోవడం గురించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు మన జిల్లాలోవే, 1970లో విడిపోయాయి. ఆ జబ్బులో ఎముక ఎక్స్‌రేలో చిక్కగా కనిపిస్తుంది, అయినా గట్టిది కాదు. అందుకని ఆ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు డాక్టరుకి తాము పెరిగిన ఊరు, తాగిన నీళ్ళు తప్పకుండా చెప్పాలి.

సరే, అసలు సంగతికి వద్దాం. ఇది ముసలివాళ్ళ జబ్బే గదా, మనకెందుకు అనుకుంటున్న నలభై ఏళ్ళ చెల్లెళ్ళు ఇప్పుడు కాస్త దగ్గరకి రండి.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడ డాక్టర్ వీణా శత్రుఘ్న, తోటి శాస్త్రజ్ఞులూ పేద కుటుంబాల్లోని ఆడవాళ్ళని, ముప్ఫై నుంచి అరవై ఏళ్ళ వయసువాళ్ళని, పరీక్ష చేసి 2005లో ఫలితాలు ప్రకటించారు. తుంటి ఎముక మెడ దగ్గర గుల్లబారిన వాళ్ళు నూటికి 29 మంది! అరవై దాటనివాళ్ళలో అన్నమాట. వాళ్ళ రోజు తిండిలో కాల్షియం మూడు వందల మిల్లీగ్రాములు కూడా లేదు. పాశ్చాత్య దేశాల ఆడవాళ్ళ కంటే మనవాళ్ళకి తుంటి దాదాపు పదేళ్ళు ముందే విరుగుతోందని ఆ సంస్థవాళ్ళు చెబుతూ వచ్చారు.

"పాపం, పేదవాళ్ళు, తిండి లేక" అంటారా? తిరుపతి కబురు కూడా వినండి. అక్కడ డాక్టర్ హరినారాయణ్ గారి బృందం పల్లెవాళ్ళనీ పట్నం వాళ్ళనీ పోల్చి చూసి 2007లో రాశారు. విటమిన్ డి పల్లెవాళ్ళకన్నా పట్నంవాళ్ళకి తక్కువ, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి తక్కువ. అంటే అందరికన్నా వెనకబడి ఉన్నది పట్నంలో ఉండే ఆడవాళ్ళు. మనమే! మిద్దె ఇంట్లో ఫ్యాను కింద ఉండి, బయటికి వెళితే గొడుగు, పొడుగు చేతుల జాకెట్టు. ఎండ కాసే దేశంలో ఎండ తగలని బతుకు.

ఇంకొకటి ఉంది, మనవాళ్ళు పైకి మాట్లాడుకోనిది. గర్భసంచి ఆపరేషన్. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు చిల్లర. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. అన్ని రాష్ట్రాలకన్నా మనమే ముందు. ఇందులో ఏం గొప్పుంది చెప్పండి! గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే యాభై ఏళ్ళకి రావలసిన మార్పు ఆ రోజు సాయంత్రమే వచ్చేస్తుంది. అండాశయాలు ఉంచినా కొందరికి అవి తొందరగా ఆగిపోతాయి. నాకు ముప్ఫై ఆరో ఏట తీశారు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంక అదెందుకు? గొడవ వదిలిపోద్ది" అన్నారు చుట్టుపక్కల వాళ్ళు, నేనూ సరే అన్నాను. అండాశయాలు ఉన్నాయా, తీసేశారా అని అడగాలని కూడా తెలియదు నాకు. పదేళ్ళ తరవాత అత్తగారి మంచం పక్కన కూచుని, బీరువా అడుగున ఉన్న పాత కాగితాలు తెప్పించి చదివించుకున్నాను. ఒకటి తీసేశారట. మీలో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితం ఇవాళే వెతకండి. ఇక చేయించుకోమని ఎవరైనా చెప్పి ఉంటే ఇంకొక డాక్టరు అభిప్రాయం కూడా అడగండి. క్యాన్సరులాంటివి ఉంటే తప్పదు, మిగతా చాలావాటికి మందులున్నాయి.

ఇప్పుడు తిండి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించి చెప్పిన లెక్క, పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం, ముట్లుడిగిన ఆడవాళ్ళకి 1200. మనం చూస్తే వరి పండే చోట పుట్టాం. నెల్లూరు మొలగొలుకులు అంటే ఎక్కడైనా పేరే. కానీ కాల్షియం విషయంలో బియ్యం ఒట్టి దరిద్రపు గింజ. వంద గ్రాముల బియ్యంలో పది మిల్లీగ్రాములకు మించదు. అదే వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. పాలల్లో వంద మిల్లీలీటర్లకి సుమారు 120. నువ్వులైతే చెప్పనే అక్కర్లేదు, ఒక పెద్ద చెంచా పొడిలో వంద పైచిలుకు. మునగాకు, తోటకూర, కరివేపాకు మంచివే. పాలకూర మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అందులో ఉన్న ఆక్సాలేట్ల మూలంగా ఒంటికి పట్టేది తక్కువ.

రోజుకి రెండు గ్లాసుల పాలో పెరుగో, ఒక పూట రాగి సంగటో అంబలో, కూరల్లో ఒక చెంచా నువ్వుల పొడి, ఒక ఆకుకూర, ఇవి కలిస్తే వెయ్యి దరిదాపులకి వస్తాం. మాంసాహారులకి మన సముద్రం ఇచ్చిన వరం ఒకటుంది, నెత్తళ్ళు. ముల్లు తీయకుండా నమిలి తినే చిన్న చేప ఏదైనా కాల్షియమే. ఎండు నెత్తళ్ళు అయితే ఉప్పు బాగా కడిగి వండండి, ఉప్పెక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది. మా ఇసకపల్లి వైపు నుంచి వచ్చే చేపలామె ఈ మాట వింటే "మేం ఎప్పట్నుంచో తింటా ఉండాం, నీకిప్పుడు తెలిసిందా అమ్మా" అంటుంది. నిజమే గదా! మన పెద్దవాళ్ళు పెద్దమనిషైన పిల్లకి చిమ్మిరి ఉండలు పెట్టేవాళ్ళు, ఆషాఢంలో మునగాకు తినమనేవాళ్ళు. గాదె నింపుకునే వయసులో నువ్వులు పెట్టడం ఎంత సరైన పనో చూడండి. ఇప్పుడు ఆ ఫంక్షన్లో కేకు కోస్తున్నాం. తాంబూలంలో సున్నం కూడా కాల్షియమేనని మా అత్తగారు వాదిస్తుంది. సున్నం మాట నిజమే గానీ, దాంతో వచ్చే వక్క, పొగాకు నోటి క్యాన్సరు తెస్తాయి కనుక ఆ వైద్యం వద్దు.

కాల్షియం ఒక్కటీ తిని ఊరుకుంటే చాలదు. అది ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, అది ఎండ తగిలితే చర్మంలో తయారవుతుంది. ఇక్కడ మనలో చాలామందికి ఒక పొరపాటు ఉంది. పొద్దుటి లేత ఎండ మంచిదని ఏడు గంటలకి నడిచొచ్చి డి విటమిన్ వచ్చేసింది అనుకుంటాం. నడక మంచిదే, కానీ ఆ ఎండలో ఆ విటమిన్ తయారీ చాలా స్వల్పం. తిరుపతిలోనే పరీక్ష చేసి చూశారు, పదకొండు నుంచి రెండు గంటల మధ్య ఎండలోనే బాగా తయారవుతుంది. తిరుపతి ఎండ, నెల్లూరు ఎండ ఒకటే. చేతులూ కాళ్ళూ ముఖమూ కనపడేటట్టు ఆ వేళ కాసేపు కూచోవాలి. కిటికీ అద్దం వెనక కూచుంటే లాభం లేదు. అయితే మన ఏప్రిల్, మే నెలల మాట వేరే చెప్పాలా? వడగాలిలో పెద్దవాళ్ళని ఎండలో కూచోబెట్టకండి, ప్రాణానికే ముప్పు. ఆ నెలల్లో డాక్టరు చెప్పిన మందు నయం. ఆ మందులో 60,000 యూనిట్ల పొట్లాలు వస్తాయి. వారానికి ఒకటి, ఇన్ని వారాలని లెక్క రాసిస్తారు. పక్కింటామె వేసుకుందని ఏడాది పొడుగునా వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు చెడతాయి. ఈ విటమిన్ నీళ్ళలో కరిగి పోయేది కాదు, ఒంట్లో నిలవ ఉండిపోతుంది.

ఎముకకి బరువు తెలియాలి. రోలు, రోకలి, బిందెలతో నీళ్ళు మోసిన కాలంలో వేరే వ్యాయామం అక్కర్లేకపోయింది. మళ్ళీ రుబ్బురోలు దగ్గర కూచోమని నేను చెప్పను, నేనూ కూచోను. రోజూ అరగంట చురుగ్గా నడక, మెట్లు ఎక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడడం, ఇవి చాలు. ఒంటికాలి నిలకడ వచ్చినవాళ్ళు పడడం తగ్గుతుంది. వెన్నుపూస ఇప్పటికే కుంగినవాళ్ళు మాత్రం నడుం ముందుకు వంచే ఆసనాలు, బకెట్లు ఎత్తడం చేయకూడదు.

ఎవరికి పరీక్ష కావాలి? అరవై అయిదు దాటిన ఆడవాళ్ళందరికీ. అంతకు లోపైనా, చిన్న దెబ్బకి ఎముక విరిగినవాళ్ళు, నలభై అయిదుకి ముందే ముట్లు ఆగినవాళ్ళు, ఎత్తు ఒకటిన్నర అంగుళం తగ్గినవాళ్ళు, తల్లికో తండ్రికో తుంటి విరిగినవాళ్ళు, ఉబ్బసానికో కీళ్ళవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్ళు అడిగి చేయించుకోవాలి. పెద్దవాళ్ళని ఏడాదికోసారి గోడకి నిలబెట్టి పెన్సిలుతో గీత పెట్టండి. పిలకాయలకి పెడతాం గదా, అలాగే. పరీక్ష పేరు డెక్సా. ఎక్స్‌రేలాంటిదే, పావుగంట పని, నొప్పి ఉండదు. కాగితం మీద మైనస్ రెండున్నర, లేదా అంతకంటే కిందికి వస్తే జబ్బు ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీత అది. మడమ మీద పెట్టి చూసే ఉచిత శిబిరాల పరీక్ష ఒక సూచన మాత్రమే, దాన్ని చూసి మందు మొదలుపెట్టకండి.

ఒకసారి విరిగినవాళ్ళకి కాల్షియం బిళ్ళలు మాత్రమే సరిపోవు. కరుగుడుని ఆపే మందులు వేరే ఉన్నాయి. వారానికి ఒక మాత్ర, ఏడాదికి ఒక ఇంజెక్షను, ఆరు నెలలకి ఒకటి, ఇలా రకరకాలు. ఏది ఎవరికో రక్త పరీక్ష, మూత్రపిండాల పరీక్ష చేసి డాక్టరు నిర్ణయిస్తారు. వారం మాత్రకి ఒక పద్ధతి ఉంది. పరగడుపున, కాఫీకి ముందే, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంట పడుకోకుండా నిటారుగా ఉండాలి. లేకపోతే గొంతూ రొమ్మూ మండిపోతాయి. కాఫీ లేకుండా అరగంట ఉండడమే మా ఇంట్లో పెద్ద యుద్ధం! ఆరు నెలల ఇంజెక్షను మొదలుపెట్టాక డాక్టరుని అడక్కుండా మానేస్తే వెన్నుపూసలు వరసగా కుంగే ప్రమాదం ఉంది. పన్ను పీకించుకునే ముందు పళ్ళ డాక్టరుకి ఈ మందుల సంగతి చెప్పండి. కాల్షియం బిళ్ళ ఐరన్ మాత్రతోనూ థైరాయిడ్ మాత్రతోనూ కలిపి మింగకండి, ఒకదాన్నొకటి ఒంటికి పట్టనివ్వవు.

కీళ్ళ నొప్పులకని సంతలో, బస్టాండు దగ్గర అమ్మే పేరులేని పొడులు, మాత్రలు మాత్రం ఇంట్లోకి రానీయకండి. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని అనుమానించండి. నొప్పి పోతుంది, ఎముక కూడా పోతుంది.

కట్టు వైద్యానికి మన వైపు పెద్ద పేరు, పుత్తూరు కట్టు తెలియని ఇల్లు లేదు. కానీ తుంటి విరిగితే కట్టు కోసం ఊళ్ళు తిరక్కండి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి మనిషిని లేపి నిలబెట్టాలి. మంచంలో ఉన్నకొద్దీ పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ళలో రక్తం గడ్డలు. ఎంతోమంది పెద్దవాళ్ళు విరిగిన ఎముక వల్ల కాదు, ఆ తరవాతి మంచం వల్ల పోతారు.

పడకుండా చూసుకోవడం అన్నిటికన్నా చవక. మా ఇంట్లో ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఈ పనులకి అయినది లెక్కలోకి రాదు. బాత్రూములో గోడకి ఇనప పిడి, గరుకు బండలు, వారానికోసారి పాచి రుద్దడం. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా చిన్న దీపం, కరెంటు పోతే వెలిగే రకం. గడప మీద తెల్ల రంగు. జారే పట్టలన్నీ తీసేశాం. అరిగిన రబ్బరు చెప్పులు పారేశాం, ఆమె చూడకుండా! కంటి శుక్లం ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చాం, అది చేయించాం. బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకునేవాళ్ళు రాత్రి లేచినప్పుడు ఒక నిమిషం మంచం మీదే కూచుని ఆ తరవాత నిలబడాలి.

ఇక నా డెక్సా కాగితం వచ్చింది. మైనస్ ఒకటి పాయింట్ తొమ్మిది. జబ్బు కాదు, దాని గడప దగ్గర నిలబడ్డానట. నాకు ఇప్పుడు మందు అక్కర్లేదు, తిండీ నడకా ఎండా చూసుకుని రెండేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. అత్తగారు వాకరుతో మొదలుపెట్టి ఇప్పుడు చేతికర్రతో వీధి చివరి దాకా వెళ్ళొస్తోంది. చలికాలంలో పదకొండున్నరకి ఇద్దరం వసారా మెట్ల మీద ఎండలో కూచుంటాం. నేను చిక్కుళ్ళు ఒలుస్తాను, ఆమె దారిన పోయేవాళ్ళని పలకరిస్తుంది. "నల్లబడిపోతాం గదమ్మా" అని ఎవరో అంటే, "ఇంక నాకేం పెళ్ళి చెయ్యాలా? నువ్వు కూడా రా, కూచో" అంది మొన్న.